సొరల వేటకు ఏడాదికి రెండు రోజులు

సముద్రంలో చేపలకు కరవేమిటి, ఒక్కో చేప లక్షల గుడ్లు పెడుతుంది కదా అని మీరు అనవచ్చు. చాలా చేపల విషయంలో ఆ మాట నిజమే. సొరచేప దగ్గర మాత్రం ఆ లెక్క తప్పుతుంది.

న్యూజిలాండ్ తీరంలో దొరికే ‘స్కూల్ షార్క్’నే తీసుకోండి. (ఇక్కడ స్కూల్ అంటే బడి కాదు, చేపల గుంపు!) ఇది యాభై ఏళ్ళకు పైగా బతుకుతుంది. ఆడసొర పన్నెండేళ్ళు దాటితే గాని ఈడుకు రాదు. పిల్లలను దాదాపు ఏడాది కడుపులో మోస్తుంది. రెండు మూడేళ్ళకు ఒకసారి ఓ ఇరవై ముప్పై పిల్లలను కంటుంది. పెద్ద సొరలను వరసగా పట్టేస్తే ఆ లోటు పూడడానికి ఎన్నేళ్ళు కావాలో మీరే లెక్క వేయండి.

ఆ దేశపు ఆదివాసులు మావోరీలు. ఉత్తరపు కొనలో రంగౌను అనే సముద్రపు పాయ ఉంది. అక్కడ వాళ్ళు ‘కపేటా’ అనే చిన్న సొరలను వేటాడేవారు. వేట జనవరి నెలలో రెండే రోజులు. జనవరి అక్కడ వేసవి. సొరలు లోతు తక్కువ నీళ్ళలోకి వస్తాయి. మొదటి వేట పున్నమి రాత్రి, రెండోది రెండు వారాల తరవాత, అమావాస్య దాటాక. పెద్ద సైగ చేయందే ఒక్క దోనె కూడా కదలకూడదు. కట్టు తప్పినవాడి సొత్తును తక్కినవాళ్ళు పట్టుకుపోయేవారు. 1855లో ఆ వేటను కళ్ళారా చూసిన ఒక తెల్లవాడు తరవాత రాసిపెట్టాడు: దాదాపు యాభై దోనెలు, పడిన సొరలు సుమారు ఏడు వేలు! వాటిని ఎండబెట్టి ఏడాది పొడవునా తినేవారు. కాలేయం నుంచి నూనె తీసి ఎర్రమట్టిలో కలిపి రంగుగా వాడేవారు.

ఏడు వేలంటే తక్కువేమీ కాదు. అయితే మిగిలిన 363 రోజులూ సొర జోలికి ఎవరూ పోలేదు. కిటుకంతా అక్కడే ఉందని నాకు తోస్తుంది.

1840లో బ్రిటిషువారు మావోరీలతో వైతాంగి ఒప్పందం చేసుకున్నారు. మీ చేపల వేట మీదేనని దాని ఇంగ్లీషు ప్రతిలో రాశారు. ఆ మాట కాగితం మీదే ఉండిపోయింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఎ విటమిన్ కోసం, సొర కాలేయపు నూనె కోసం స్కూల్ షార్క్‌లను విపరీతంగా పట్టారు. చివరకు 1986లో ప్రభుత్వం కోటా పద్ధతి పెట్టింది. ఏ చేపను ఏ ప్రాంతంలో ఏడాదికి ఎన్ని టన్నులు పట్టవచ్చో నిర్ణయించి, ఆ హక్కును అప్పటికే వేట వ్యాపారంలో ఉన్నవారికి పంచింది. సొరలకు ఇది మేలే. కాని ఆ సముద్రం ఎవరిది? రంగౌను తీరం ఉన్న ఉత్తరపు తెగలే 1987లో కోర్టుకెక్కాయి. కోర్టు ఆ పంపకాన్ని ఆపింది.

1992లో రాజీ కుదిరింది. ఒక పెద్ద చేపల కంపెనీలో సగం వాటా, తరవాత కొత్తగా కోటాలోకి వచ్చే ప్రతి జాతిలో ఐదో వంతు మావోరీలకు దక్కాలన్నారు. 2004లో మాకో సొర కోటాలోకి వచ్చినప్పుడు ఈ షరతు దానికీ వర్తించింది. తమాషా ఏమిటంటే ‘మాకో’ అన్న మాటే మావోరీలది! 2014లో సొర రెక్కలు కోసుకుని శరీరాన్ని సముద్రంలో పారేయడాన్ని కూడా నిషేధించారు.

1996 చట్టం లెక్క చేసే తీరు చూడండి. మొదట మొత్తం ఎన్ని టన్నులు పట్టవచ్చో తేలుస్తారు. అందులోంచి మావోరీల ఆచారపు వేటకు కొంత, సరదాగా గాలం వేసేవారికి కొంత, ఇతర కారణాలతో చచ్చే చేపలకు కొంత తీసేస్తారు. మిగిలిందే వ్యాపారులకు. అంతా సవ్యంగా జరుగుతోందని మాత్రం అనుకోకండి. వేరే చేపలకు వేసిన వలలో సొర పడితే ఏ కోటా దాన్ని తిరిగి బతికించదు.

ఆచారపు వేటకు అనుమతి ఇచ్చేది ప్రభుత్వ ఉద్యోగి కాదు. తెగ ఎంచుకున్న ‘కైతియాకి’, అంటే కాపరి. 1998 నిబంధనల ప్రకారం ఏ రోజున, ఏ చోట, ఏ చేప, ఎన్ని, ఏ సాధనంతో, ఏ పనికి అన్నది ఆయన రాసి ఇవ్వాలి. పెళ్ళికో, చావుకో, బంధువుల సమావేశానికో పట్టిన ఆ చేపలో ఒక్క ముక్క కూడా అమ్మకూడదు.