గోధుమవన్నె క్రొవ్వును పటమునందు గుర్తించుట

చలికాలపు టుదయమున బడికి వచ్చు పిల్లలు గడగడ వణకుచుందురు. ఆ వణకుచే కండరములు పనిచేసి వేడి పుట్టించును. పురిటిబిడ్డ సాధారణముగ నట్లు వణకదు. మఱి దానికి వెచ్చదన మెక్కడిది? దాని మెడయందును, వీపున రెక్కల యెముకల నడుమను గోధుమవన్నె క్రొవ్వు గలదు. మన మెఱిగిన తెల్లని క్రొవ్వు ఆహారశక్తిని నిలువచేయును. ఇది యన్ననో పొయ్యివలె దానిని వ్యయపఱచి వేడి నొసగును. ఇనుము గల మైటోకాండ్రియాలు దీని కణములం దధికముగ నుండుటచే నీ వన్నె కలిగినది.

పెద్దవారియం దిది దాదాపు నశించునని వైద్యులు చిరకాలము తలచిరి. ఆ తలంపు తప్పని మఱియొకదానిని వెదకువారికి దెలియవచ్చుట వింత.

క్యాన్సరును వెదకుటకు పెట్ అను పరీక్ష గలదు. ఎక్స్ కిరణములు ఎముకల యాకృతిని జూపును గాని, ఏ భాగము చక్కెర నెంత గ్రహించుచున్నదో తెలుపజాలవు. పెట్ పరీక్షయందు రేడియోధార్మిక ఫ్లోరిన్ చేర్చిన చక్కెరవంటి మందును రోగి సిరలోని కెక్కింతురు. సుమారు 110 నిమిషములకు దాని ధార్మికత సగమగును. క్యాన్సరు కణములు తిండిపోతులు గనుక దానిని మిక్కిలిగ గైకొని పటమున వెలుగును. అయితే కొందఱి పటములలో మెడ కిరుప్రక్కలను, భుజములపైనను సమానముగ వెలుగు కానవచ్చుచుండెను. బిగిసిన కండరములని పలువు రనుకొనిరి. పెట్‌తో సి.టి. యంత్రమును జతపఱచిన పిమ్మట, 2002లో జూరిచ్ వైద్యులు ఆ చోట నున్నది కండరము గాదు, క్రొవ్వే యని వెల్లడించిరి. 2009లో అమెరికా, నెదర్లాండ్స్, ఫిన్లాండ్ దేశముల పరిశోధకులు పెద్దవారియందును ఇది పనిచేయుచున్నదని స్థిరపఱచిరి. నెదర్లాండ్సున 24గురు పురుషులను 16 డిగ్రీల చల్లని గదిలో నుంచగా, 23గురియందు కనబడెను.

ఇది కేవలము వినోదము గాదు. లింఫోమా యను క్యాన్సరు తఱచుగ మెడ గ్రంథులకే వచ్చును. ఈ క్రొవ్వు వెలుగును వ్యాధియని పొరబడినచో, నయమైన రోగికి మరల తీవ్రమైన మందు లిచ్చు ప్రమాదము గలదు. వ్యాధినే క్రొవ్వని త్రోసివేసినచో అంతకన్న కీడు. కావున రెండు యంత్రముల పటములను ఒకదానిపై నొకటి యుంచి చూతురు. అంతకు ముందే రోగిని వెచ్చని గదిలో గూర్చుండబెట్టి కంబళి కప్పుదురు. వెచ్చగ నున్నవాని క్రొవ్వు చాలవఱకు పనిమాని యూరకుండును. ఒక్కొక్కప్పుడు ప్రొప్రనొలాల్ అను మాత్రయు నిత్తురు. మీ యింట నెవరైన నీ పరీక్షకు బోయి, చలి యనిపించినచో, మందెక్కింపక మునుపే యా సంగతి యచ్చటివారికి దెలుపవలెను.