బాగుచేసిన లారీ పొగ యేల విడుచును?

మన విద్యార్థులలో కొందఱి కుటుంబములకు లారీయే జీవనాధారము. ఆయిలు మార్చుట, ఫిల్టరు బిగించుట, ఆయిలు కారుచున్న చోట క్రొత్త ప్యాకింగు వేయుట మొదలగు పనులను యజమానులును డ్రైవర్లును తఱచుగా తామే చేసికొనుచుందురు. అట్టి పని ముగించి ఇంజను నడిపినప్పుడు పొగ వచ్చినయెడల రెండు విధములైన పొరపాట్లు జరుగుచుండును. కొందఱు భయపడి, పిస్టను రింగులు పోయినవని తలచి, ఇంజను నంతయు విప్పించి, వేలకొలది రూపాయలు వ్యయపఱతురు. మఱికొందఱు క్రొత్త ఆయిలు గదా, పొగ సహజమే యని సరకు నెక్కించి బయలుదేరుదురు. మొదటివారికి ధననష్టము, రెండవవారికి ఇంజను నష్టము, ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయము. కావున పొగను ఏ క్రమమున పరీక్షింపవలెనో యిచట వివరింపదలచినాము.

ముందుగా ఆయిలు ప్రయాణించు మార్గమును తెలిసికొందము. ఇంజను అడుగున నున్న చాంబరునుండి పంపు ఒక జాలిగుండా ఆయిలును పీల్చి, కూలరునకును ఫిల్టరునకును, అచటినుండి బేరింగులకును టర్బోకును పంపును. ఆయిలు పైకి పోవునది పంపు బలముచేత. తిరిగి చాంబరునకు దిగునది తన బరువుచేత మాత్రమే. పిస్టను రింగులును, వాల్వు సీళ్లును, టర్బో ఇరుసున నున్న సీళ్లును దానిని మంట యున్న చోటికి పోనీయక కాపాడును. రింగుల సందులనుండి క్రిందికి జాఱిన వాయువులు బ్రీదరు గొట్టముగుండా వెడలిపోవును.

దీనినిబట్టి ఆయిలు కాలి పొగ యగుటకు ముఖ్యముగా మూడు కారణములు కలవని తేలుచున్నది. కాపాడు భాగములు అరిగియుండవచ్చును, ఆయిలు మితిమీరియుండవచ్చును, ఆయిలు తిరిగివచ్చు దారియో వాయువులు వెడలు దారియో మూసికొనియుండవచ్చును. నిన్నటివఱకు పొగ లేని యింజను ఒక్క పూటలో రింగులను అరుగదీసికొనదు. కావున మరమ్మతు వెంటనే కనబడిన పొగకు కారణమును మొదట మన చేయి తాకిన చోటనే వెదకవలెను.

మొదటి పరీక్ష స్థలమును గూర్చినది. పొగ సైలెన్సరునుండి వచ్చుచున్నదా, ఇంజను చుట్టునుండి లేచుచున్నదా? పని చేయునప్పుడు ఒలికిన ఆయిలు మానిఫోల్డుపై పడిన యెడల ఇంజను వేడెక్కగానే ఘాటైన పొగ లేచును. ఆ ఆయిలు కాలిపోయినంతనే పొగ తగ్గిపోవును. తగ్గక పెరిగినచో ఆయిలు ఇంకను కారుచున్నదని అర్థము. పాత ఫిల్టరు రబ్బరు వలయము ఇంజనుకు అంటుకొని మిగిలియుండగా దానిమీదనే క్రొత్త ఫిల్టరును బిగించినయెడల, పంపు ఒత్తిడికి ఆయిలు చిమ్ముకొనివచ్చును. దీనిని తేలికగా తలంపరాదు. ఇంజను ఆయిలు సాధారణముగా 200 డిగ్రీల సెంటిగ్రేడు దాటిన వేడికి అంటుకొనదగిన ఆవిరి నిచ్చును. బరువులాగు లారీ మానిఫోల్డు అంతకంటె మిక్కిలి వేడెక్కును. అగ్నిప్రమాదమునకు ఇదియే కారణము కాగలదు.

రెండవది మట్టము. లారీని సమతలమున నిలిపి, ఇంజను ఆపి, ఆయిలు క్రిందికి దిగుటకు కొంతసేపు తాళి, గేజి కడ్డీని తుడిచి మరల ముంచి చూడవలెను. ఏటవాలు నేలపై పాత ఆయిలును దింపినప్పుడు చాంబరులో 3 లీటర్లు మిగిలియున్నవనుకొందము. పుస్తకములో వ్రాసిన మొత్తమంతయు నిపుడు పోసినయెడల ఆ 3 లీటర్లును అధికమగును. తిరుగుచున్న క్రాంకు ఆయిలును చిలికి నురుగు చేయును. ఆ నురుగు బ్రీదరు గొట్టముగుండా వెడలును. ఆ గొట్టము గాలి దారిలో కలిసియున్న ఇంజనులలో అది మంటలోనికి పోయి నీలిపొగ యగును. దీనికి వైద్యము అధికమైన ఆయిలును దింపుటయే. ఏమియు పోయకయే మట్టము పెరిగినయెడల డీజిలో, నీరో కలిసినదని యెఱుగవలెను. ఆయిలు పలుచనై డీజిలు వాసన కొట్టుట మొదటిదానికి గుఱుతు. పాలు కలిపిన కాఫీవలె మాఱుట రెండవదానికి గుఱుతు. ఈ రెండింటిలో ఏది కనబడినను ఇంజనును నడుపరాదు.

మూడవది రంగు. నీలిపొగ ఆయిలు కాలుచున్నదని తెలుపును. నల్లపొగ గాలి చాలకుండుటనో, డీజిలు హెచ్చుటనో తెలుపును. పని చేయునప్పుడు విప్పిన గాలి గొట్టపు క్లిప్పు వదులుగా నున్నను ఇట్లు జరుగును. తెల్లపొగ మండని డీజిలో, నీటి ఆవిరియో యగును. చల్లని ఉదయమున కొద్దిసేపు కనబడి పోవు తెల్లపొగకు భయపడ నక్కఱలేదు. రేడియేటరు నీరు దినదినమును తగ్గుచుండగా తెల్లపొగ నిలిచియుండినచో హెడ్డు గాస్కెట్టును అనుమానింపవలెను.

నాలుగవది దారులు. మట్టము సరిగా నుండియు నీలిపొగ వచ్చుచున్న యెడల బ్రీదరు గొట్టము నలిగినదేమో, దుమ్ము పడకుండ కుక్కిన గుడ్డ దానిలో నిలిచిపోయినదేమో చూడవలెను. వాయువులు వెడలు దారి మూసికొన్నచో చాంబరులో ఒత్తిడి పెరిగి, ఆయిలును సీళ్ల గుండా త్రోయును. పిమ్మట టర్బోనుండి ఆయిలు తిరిగివచ్చు గొట్టమును చూడవలెను. ఈ గొట్టములో ఒత్తిడి లేదని పైన తెలిపితిమి. గాస్కెట్టు పేస్టు మిక్కిలిగా పూయుటచే దాని నోరు ఇఱుకైనను, గొట్టము వంగినను, ఆయిలు దిగజాలక టర్బో సీళ్లను దాటి గాలి దారిలో పడును. ఆ పేస్టు తునుకలు చాంబరులో పడి పంపు జాలిని మూసిన యెడల బేరింగులకు ఆయిలు అందక ఇంజనే పట్టివేయును. కావున పేస్టును సన్నని గీతవలె పూయవలెను.

ఈ లోపములను సవరించిన పిమ్మటయు కొంతదూరము పొగ రావచ్చును. ఇంటర్‌కూలరులోను సైలెన్సరులోను చేరిన పాత ఆయిలు కాలుటయే దానికి హేతువు. ఇంటర్‌కూలరు గొట్టములను విప్పి తుడిచినయెడల సందేహము తీరును. అన్నియు సరిగా నుండియు పొగ తగ్గనిచో అప్పుడు మాత్రమే అరుగుదలను గూర్చి ఆలోచింపవలెను. రాత్రి నిలిచిన ఇంజను తెల్లవాఱి స్టార్టు చేయగానే నీలిపొగ విడిచి తేఱుకొనుట తఱచు వాల్వు సీళ్ల లోపము. బరువు పెరిగినకొలది పొగ పెరుగుట రింగులను సూచించును. ఇంజను విప్పక ముందు కంప్రెషను పరీక్ష చేయింపవలెను.

ఇక రెండు హెచ్చరికలు. ఇంజను స్టార్టయిన కొన్ని క్షణములలో ఆయిలు ఒత్తిడి దీపము ఆఱవలెను. ఆఱనిచో వెంటనే ఇంజనును ఆపవలెను. రెండవది మఱింత భయంకరమైనది. 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గునందు రుడాల్ఫ్ డీజిలు విజయవంతముగా నడిపి చూపిన యింజను తెగకు స్పార్కు ప్లగ్గు లేదు. గట్టిగా నొక్కిన గాలి వేడికే ఇంధనము మండును. గాలితోకూడ ఆయిలు లోనికి పోయినయెడల అదియు ఇంధనమే యగును. అప్పుడు తాళపుచెవి త్రిప్పి డీజిలును ఆపినను ఇంజను ఆగక, వేగము పెంచుకొని, ముక్కలై ఎగిరిపోవచ్చును. గాలిని మూసివేయుటయే దానిని ఆపు ముఖ్యోపాయము. అయినను ఆ పీల్పుకు ఎదురుగా చేయి పెట్టరాదు, పిల్లలను దగ్గఱకు రానీయరాదు. మితిమీరిన ఆయిలుతో బండి నడుపరాదనుటకు ఇంతకంటె గొప్ప కారణము వేఱొకటి లేదు.

2020 ఏప్రిలు 1వ తేదీనుండి మన దేశమున అమలైన భారత్ స్టేజి 6 నియమములను అనుసరించిన లారీలలో పొగ మసిని పట్టు ఫిల్టరు కలదు. ఆయిలు కాలుచున్నను ఆ ఫిల్టరు పొగను కొంత మఱుగుపఱచవచ్చును. కాలిన ఆయిలు బూడిద దానిలోనే చేరి దానిని పూడ్చివేయును. అట్టి బండ్లకు తయారుచేసినవారు చెప్పిన తక్కువ బూడిద ఆయిలునే పోయవలెను. కంటిని నమ్మక గేజి కడ్డీని నమ్మవలెను.

విద్యార్థులారా, ప్రయోగశాలలో ఒక మాఱునకు ఒక్క దానినే మార్చి ఫలితమును వ్రాసికొనుట మీరు నేర్చుకొన్నారు. లారీకిని అదియే పద్ధతి. మట్టము సవరించి, గొట్టము మార్చి, ఆయిలు రకమును కూడ ఒకేసారి మార్చినవానికి పొగ తగ్గినను కారణము తెలియదు. అది మరల వచ్చినప్పుడు అతడు మొదటినుండి వెదకుకొనవలసినదే. మీ యింట లారీ యున్నయెడల ఒక నోటుపుస్తకము తెఱచి, ప్రతి ఉదయము ఇంజను చల్లగా నున్నప్పుడు ఆయిలు మట్టమును, పోసిన లీటర్లను, నడచిన కిలోమీటర్లను మీ తండ్రిగారి కొఱకు వ్రాసిపెట్టుడు. ఇంజను విప్పవలెనా వలదా యని నిర్ణయింపవలసిన దినమున ఆ అంకెలు ఆయనకు ఎంతయో తోడ్పడును.