కోత మానినా... కడుపులో అతుకు

2022 ఆగస్టు 25న తెలంగాణలోని ఇబ్రహీంపట్నం సివిల్ ఆసుపత్రిలో కుటుంబ నియంత్రణ (కు.ని.) శిబిరం పెట్టారు. చుట్టుపక్కల మండలాల పల్లెల నుంచి వచ్చిన 34 మంది మహిళలకు డీపీఎల్ పద్ధతిలో, అంటే పొట్టపై చిన్న గాట్లు పెట్టి ల్యాప్రోస్కోప్‌తో, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేశారు. ఇళ్లకు వెళ్లాక కొందరికి జ్వరం, వాంతులు మొదలయ్యాయి. ఆగస్టు ముగిసేలోగా నలుగురు కన్నుమూశారు. మిగతా 30 మందికి పరీక్షలు చేసి, అవసరమైన వారిని నిమ్స్, అపోలో ఆసుపత్రులకు తరలించారు. ఒక్కో మృతురాలి కుటుంబానికి ప్రభుత్వం రూ.5 లక్షలు, డబుల్ బెడ్‌రూం ఇల్లు ప్రకటించింది. విచారణ ఇన్ఫెక్షన్ వైపే వేలు చూపింది. 13 మంది సిబ్బందిపై చర్యలు తీసుకున్నారు.

ఆ నలుగురి గురించి పత్రికలన్నీ రాశాయి. కానీ తొందరలో, శుభ్రత తప్పి చేసే పొట్ట ఆపరేషన్ బతికిన వాళ్లను కూడా ఊరికే వదలదు. కోత మానిపోతుంది, కుట్లు ఊడిపోతాయి. ఏళ్ల తర్వాత ఓ రాత్రి కడుపు మెలిపెట్టినట్టు నొప్పి, ఆగని వాంతులు. డాక్టర్ స్కాన్ చూసి ‘పేగులు అతుక్కున్నాయమ్మా’ అంటారు.

పొట్ట లోపలి గోడనూ పేగులనూ గర్భసంచినీ కప్పుతూ పెరిటోనియం అనే నునుపైన పలుచని పొర ఉంటుంది. అది ఉండబట్టే పేగులు ఒకదానిపై ఒకటి జారుతూ కదులుతాయి. కత్తి తగిలినా, ఎండిపోయినా, చీము పట్టినా ఆ పొర గాయపడుతుంది. గంటల్లోనే అక్కడ ఫైబ్రిన్ అనే జిగురు సాలెగూడులా అల్లుకుంటుంది. అంతా సవ్యంగా ఉంటే రెండు మూడు రోజుల్లో శరీరమే దాన్ని కరిగించేస్తుంది. ఇన్ఫెక్షన్ ఉన్నా, రక్తసరఫరా తగ్గినా ఆ కరిగించే శక్తి చాలదు. మిగిలిపోయిన జిగురులోకి కణాలు చేరి కొల్లాజెన్ పోస్తాయి. వారం పది రోజులకు అది గట్టి పట్టీలా మారి పేగునూ గర్భసంచినీ గోడకు కట్టేస్తుంది.

ఇదేమీ అరుదు కాదు. 1990లో బ్రిటన్ సర్జన్లు ప్రచురించిన అధ్యయనంలో, అంతకుముందు పొట్ట ఆపరేషన్ అయిన వారిలో 93 శాతం మందికి అతుకులు కనిపించాయి. చాలామందికి వాటి వల్ల ఏ బాధా ఉండదు. బాధ పెట్టినప్పుడు మాత్రం తేలిగ్గా పోదు. స్కాట్లాండ్‌లో 1986లో పొట్టో, పొత్తికడుపో కోసి ఆపరేషన్ చేసిన దాదాపు 30 వేల మందిని పదేళ్ల పాటు గమనిస్తే, మూడో వంతు మంది అతుకుల వల్లో, వాటితో సంబంధం ఉండొచ్చనే కారణాలతోనో మళ్లీ ఆసుపత్రిలో చేరారు. సగటున రెండేసి సార్లు.

అతుకులు పడకుండా చూడటం చాలావరకు ఆపరేషన్ గదిలోనే తేలిపోతుంది. పేగులను ఒడుపుగా పట్టుకోవాలి, తడి ఆరనివ్వకూడదు, రక్తం గడ్డలు లోపల వదలకూడదు. చిన్న గాట్ల పద్ధతిలో అతుకులు తక్కువ, అదీ పరికరం శుభ్రంగా ఉంటేనే. ఒకరికి వాడిన ల్యాప్రోస్కోప్‌ను కడిగి, 2 శాతం గ్లుటరాల్డిహైడ్ ద్రావణంలో 20 నిమిషాలు ముంచి ఉంచాలి. తర్వాత స్టెరైల్ నీళ్లతో బాగా కడగాలి, లేకపోతే ఆ రసాయనమే లోపలి పొరను కాలుస్తుంది. కడగడానికి పట్టే సమయం కూడా కలిపితే, ఒక పరికరంతో గంటకు ఇద్దరు ముగ్గురికి మించి చేయడం ఎలా కుదురుతుంది? ఒక బృందం మూడు ల్యాప్రోస్కోప్‌లతో రోజుకు 30 మందికి మించి చేయకూడదన్న కేంద్రం నిబంధన వెనక ఉన్న లెక్క ఇలాంటిదే. ఇబ్రహీంపట్నంలో చేసినవి 34.

పైగా అసలు ఆ శిబిరమే జరగాల్సింది కాదు. దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు 2016 సెప్టెంబర్ 14న, కు.ని. శిబిరాల పద్ధతిని మూడేళ్లలో ఆపేయాలని చెప్పింది. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో 2014లో ఒకే పూట 83 మందికి చేసిన శిబిరం, ఆ తర్వాతి మరణాలు అప్పటికి అందరికీ గుర్తున్నాయి. కోర్టు పెట్టిన గడువు 2019తోనే తీరిపోయింది.

అతుకులు పడకుండా చూడటంలో గ్లవ్స్ సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కానీ చిన్నది కాదు. చేతికి సులువుగా ఎక్కేందుకు లోపల చల్లే మొక్కజొన్న పిండి పొట్టలో రాలితే, దాని చుట్టూ వాపు వచ్చి అతుకు పడుతుంది. అమెరికా 2017 జనవరి నుంచి పౌడర్ గ్లవ్స్‌ను నిషేధించింది. మన దగ్గర అవి ఇంకా వాడుకలో ఉన్నాయి. అతుకులు పడకుండా పొట్ట లోపల ఉంచే, కొన్నాళ్లకు కరిగిపోయే సెల్యులోజ్ పొరలు, ఐకోడెక్స్‌ట్రిన్ ద్రావణం లాంటివీ ఉన్నాయి. అతుకులు తగ్గిస్తాయి కానీ పూర్తిగా ఆపవు. శుభ్రత లేని చోట ఖరీదైన పొర ఏం చేస్తుంది?

తెలంగాణ మహిళలకు ఇది మరీ దగ్గరి విషయం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఇక్కడి కాన్పుల్లో 60.7 శాతం పెద్దాపరేషన్లే, దేశంలోకెల్లా ఎక్కువ. ప్రైవేటులో అయితే 81.5 శాతం. మొదటి సిజేరియన్ అతుకులు రెండో దానికి అడ్డొస్తాయి. మూత్రాశయం గర్భసంచికి అంటుకుంటే బిడ్డను తీయడం ఆలస్యమవుతుంది. ఆ తర్వాత మళ్లీ కు.ని. ఆపరేషనూ ఆమెకే. మగవాళ్లకు చేసే వేసెక్టమీలో పొట్ట తెరవాల్సిన పనే లేదు, లోపల అతుకు పడే ప్రశ్నే రాదు. అయినా ముందుకొచ్చే భర్తల సంఖ్య నామమాత్రం. ఊళ్లలో ఏఎన్ఎం, ఆశ వర్కర్ ఇంటికొచ్చి మాట్లాడేటప్పుడు భర్తనూ కూర్చోబెట్టుకోవాలి.

ఆపరేషన్ అయ్యాక డాక్టర్ ఒప్పుకున్న వెంటనే లేచి నడవడం కాళ్లలో రక్తం గడ్డలు కట్టకుండా కాపాడుతుంది. పట్టీలు బిగుసుకున్నాక వాటిని కరిగించే మందు లేదు, ఆముదం తాగినా పోవు. జ్వరం, ఉబ్బరం, వాంతులు వచ్చి, గ్యాసు కూడా పోవడం ఆగిపోతే తెల్లారేదాకా ఆగకూడదు. పాత ఆపరేషన్ల డిశ్చార్జి కాగితం వెంట తీసుకెళ్లాలి. ఇంతకుముందు ఎక్కడ కోశారో, లోపల ఏం అతుక్కుని కనిపించిందో అందులో రాసి ఉంటే, రెండోసారి కత్తి పట్టే సర్జన్ పేగుకు గాటు పడకుండా ముందే జాగ్రత్తపడతాడు. రాసి లేకపోతే డిశ్చార్జి రోజే అడిగి రాయించుకోవచ్చు.