ఐ-140 వచ్చినది; గ్రీన్‌కార్డు రాలేదు

అమలాపురము మొదలు భీమవరము వరకు పెండ్లి మాటలు జరుగు ఇండ్లలో ఇప్పుడు జాతకచక్రముకంటె ముందుగా పరిశీలింపబడునది అమెరికాలోని వరుని వీసా. "ఐ-140 అప్రూవ్ అయినదండి, గ్రీన్‌కార్డు వచ్చినట్టే" అని మధ్యవర్తి పలికినంతనే, కట్నము 1961నాటి చట్టముచే నిషిద్ధమైనదను సంగతిని ఉభయపక్షములును మరచి బేరమునకు కూర్చుండగా, కోనసీమలో తాతలనాటి కొబ్బరితోటను తెగనమ్ముటకు సిద్ధపడు తండ్రులున్నారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమను సామెత వీరికొరకే పుట్టినది కాబోలు!

ఐ-140 యనునది యజమాని పెట్టుకొను అర్జీ. ఆ యుద్యోగమునకు తగిన అమెరికనుడు దొరకలేదని కార్మికశాఖ సాధారణముగా ముందు ధ్రువీకరింపవలెను. పిమ్మట ఈ మనిషికి అర్హతయు, తనకు జీతమిచ్చు స్తోమతయు కలవని యజమాని నిరూపింపగా ప్రభుత్వమంగీకరించుటయే దాని ఆమోదము. దానివలన సిద్ధించునది వరుసలో చోటు మాత్రమే. 1990నాటి చట్టము ఉద్యోగముల మూలమున ఏటా సుమారు 1,40,000 శాశ్వతనివాస వీసాలను కేటాయించి, అందు భార్యాబిడ్డలను సైతము లెక్కించుచు, సామాన్యముగా ఏ యొక్క దేశమున జన్మించినవారికిని నూటికి 7కు మించి దక్కరాదని కట్టడి చేసినది. ఆ యేడింటికొరకు మన ఇంజనీరులు బారులు తీరియుండగా, ఈబీ-2, ఈబీ-3 అను ఉద్యోగ వీసా శ్రేణులలో నేడు వంతు వచ్చుచున్నది ఇంచుమించు ఒక పుష్కరకాలము క్రిందట వరుసలో చేరినవారికి. నిన్న మొన్న చేరినవారి నిరీక్షణము దీర్ఘమగునేగాని హ్రస్వము కాదు. ఈలోగా బిడ్డకు 21 ఏండ్లు నిండి, వయస్సు లెక్కలో చట్టమిచ్చు కొద్దిపాటి సడలింపును చాలనిచో, ఆ బిడ్డ తల్లిదండ్రుల వరుసనుండి తొలగవలసినదే. హెచ్-1బి యను తాత్కాలికోద్యోగ వీసా ఆరేండ్ల గడువు దాటిన పిదప మూడేసి యేండ్ల పొడిగింపు లభించుట, యజమాని మారినను పాత ప్రయారిటీ తేదీ, అనగా వరుసలో చేరిన తేదీ, సాధారణముగా నిలుచుట, ఇవి ఆ కాగితమువలన నిజముగా చేకూరు లాభములు. వీనిని గ్రీన్‌కార్డనుట సాహసము.

అమెరికాలో బిడ్డ పుట్టినంతనే తలిదండ్రులకు గ్రీన్‌కార్డు రాదు; ఆ బిడ్డకు 21 ఏండ్లు వచ్చి అర్జీ పెట్టవలెను. కెనడా పౌరసత్వము తీసికొన్నను వరుస మారదు. చూడబడునది పాస్‌పోర్టు కాదు, పుట్టిన దేశము. చిలుకూరు బాలాజీకి 108 ప్రదక్షిణములు చేయువారి భక్తికి నేనడ్డురాను గాని, ఆ 7 శాతము మాత్రము కదలదు.

కువైటులో పుట్టిన పిల్లను చేసికొన్న కార్డు త్వరగా వచ్చునను మాట నవ్వు పుట్టించునదే యైనను, అందు నిజమున్నదని ఒప్పుకొనక తప్పదు: దంపతులలో ఒకరి జన్మదేశపు వరుసను రెండవవారు వాడుకొనవచ్చునని చట్టమే చెప్పుచున్నది, గల్ఫునకు వలసపోయిన గోదావరి కుటుంబముల ఆడపడుచులు అక్కడ పుట్టినవారైనచో వారి వరుస వేరు. ఇది తెలిసిన మధ్యవర్తులు రేపు దీనికిని ధర కట్టుదురేమో!

కావున కన్యాదాతలారా, "అప్రూవ్ అయినదా?" అని అడుగకుడు, ఏ శ్రేణి, ఏ ప్రయారిటీ తేదీ అని అడుగుడు. ఆమోదపత్రముపై అవి అచ్చుపడియుండును. అమెరికా విదేశాంగశాఖ నెలనెలా ప్రకటించు వీసా బులెటిన్‌తో సరిచూచుకొనుడు. కార్మికశాఖ ధ్రువీకరణమునకగు ఖర్చును, తన తరఫు లాయరు రుసుముతో సహా, యజమానియే భరింపవలెనని 2007నుండి నిబంధన కలదు. అందులకని కన్సల్టెన్సీగాని, కాబోవు అల్లుడుగాని పైకమడిగినచో తోట అమ్మకుడు.