మండుటెండలోనూ ఇంజనుకు చలే!

వేసవిలో హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం వెళ్ళే దారిలో, బానెట్ ఎత్తి పెట్టి ఆవిరి కక్కుతున్న కారును మీరు చూసే ఉంటారు. చుట్టూ చేరినవాళ్ళలో ఎవరో ఒకరు, "ఆ థర్మోస్టాట్ తీసి పారేయండి సార్, అది చలి దేశాలకు గాని మన ఎండలకెందుకు?" అని సలహా ఇస్తారు. ఈ సలహా సబబేనా?

పెట్రోలు మండగా పుట్టే వేడిలో చాలా భాగం చక్రాలు తిప్పే పనికి రాదు. కొంత పొగతో పోతుంది, కొంత ఇంజను చుట్టూ తిరిగే కూలంటులోకి చేరుతుంది. ఈ కూలంటు రేడియేటరులోకి వెళ్ళి, గాలికి చల్లారి మళ్ళీ ఇంజనుకు వస్తుంది. అలాగని ఇంజను ఎంత చల్లగా ఉంటే అంత మంచిదనుకుంటున్నారా? కాదు. కూలంటు సుమారు 90 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర ఉన్నప్పుడే ఇంజను బాగా పనిచేస్తుంది. అంతకన్నా బాగా చల్లగా ఉంటే ఆయిలు చిక్కగా ఉంటుంది, పెట్రోలు సరిగా ఆవిరి కాదు. ఆవిరి కాని పెట్రోలు సిలిండరు గోడల మీది ఆయిలును కడిగేస్తుంది. లోహం లోహాన్ని రాచుకొని అరుగుతుంది. మే నెలలో ధర్మవరంలో 40 డిగ్రీల ఎండ మనకు నిప్పులు చెరిగినట్లుంటుంది. ఇంజనుకు మాత్రం ఇంకా 50 డిగ్రీలు తక్కువే! పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో ఉత్పత్తి మొదలుపెట్టిన కియా కర్మాగారం నుంచి వచ్చే పెట్రోలు కార్లలోనూ థర్మోస్టాట్ ఉంటుంది.

చెరువు తూమును ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో చూసుకునే నీరుగంటిని మన పల్లెల్లో పెద్దలను అడిగితే చెబుతారు. థర్మోస్టాట్‌లో ఆ నీరుగంటి మైనం! చిన్న లోహపు గిన్నెలో మైనం నింపి, అందులో ఒక కడ్డీ దూర్చి మూసేస్తారు. చల్లగా ఉన్నప్పుడు స్ప్రింగు కవాటాన్ని మూసి ఉంచుతుంది. కూలంటు రేడియేటరు దాకా పోకుండా పక్కదారిన ఇంజనులోనే తిరుగుతుంది. 82 నుంచి 90 డిగ్రీల మధ్య మైనం కరిగి వ్యాకోచించి కవాటాన్ని తెరుస్తుంది. చల్లారితే స్ప్రింగు మళ్ళీ మూసేస్తుంది. 1930లలో అమెరికాలో సెర్జియస్ వెర్నెట్ రూపొందించిన ఈ పద్ధతికి కరెంటు అక్కరలేదు.

ఇక ఆ సలహా సంగతి. కొన్ని ఇంజన్లలో ప్రధాన దారి తెరుచుకునేటప్పుడు ఈ పక్కదారిని మూసేదీ థర్మోస్టాటే. దాన్ని పీకేస్తే పక్కదారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. వేడి కూలంటులో కొంత రేడియేటరు ముఖం చూడకుండానే తిరిగి ఇంజనులోకి పోతుంది. చల్లబరుద్దామని చేసిన పనికి, ఎత్తెక్కేటప్పుడు ఇంజను ఇంకా కాగవచ్చు!

థర్మోస్టాట్ మూసుకొని బిగుసుకుపోతే ఇంజను కాగుతుంది, తెరుచుకొని బిగుసుకుపోతే పెట్రోలు దండుగ. కాని కాగిన ప్రతిసారీ తప్పు దానిదే కాదు. కూలంటు కారుతోందా, ఫ్యాను తిరుగుతోందా అన్నది ముందు చూడాలి.

మార్చడం పెద్ద పనేమీ కాదు, పెద్దవాళ్ళు చేస్తుంటే మీరు పక్కన ఉండండి. ఇంజను పూర్తిగా చల్లారేదాకా రేడియేటరు మూత ముట్టుకోకూడదు. లోపల ప్రెషర్ కుక్కరులాగే ఒత్తిడి ఉంటుంది, తెరిస్తే కాగే కూలంటు ముఖం మీదికి చిమ్ముతుంది. తీసిన కూలంటును బేసినులో పట్టి మూత పెట్టాలి. అది తియ్యగా ఉండే విషం, కుక్కో దూడో నాకితే ప్రాణం పోవచ్చు. తర్వాత గొట్టం చివర ఉన్న మూతకు బోల్టులు విప్పితే థర్మోస్టాట్ కనిపిస్తుంది. మైనపు గిన్నె ఉన్న వైపు ఇంజను వైపే ఉండేలా కొత్తది అమర్చాలి. పాత గ్యాస్కెట్ ముక్కలు గీకి కొత్తది వేయాలి. కొన్ని కొత్త కార్లలో థర్మోస్టాట్ ప్లాస్టిక్ పెట్టెతో సహా ఒకే ముక్కగా వస్తుంది. వాటికి కారు పుస్తకం చూడనిదే చెయ్యి పెట్టవద్దు.

తీసిన పాతదాన్ని దారం కట్టి, గిన్నె అడుగు తగలకుండా నీళ్ళలో వేలాడదీసి, పక్కనే ప్రయోగశాల థర్మామీటరు ఉంచి కాయండి. జ్వరం చూసేది పనికిరాదు, పగిలిపోతుంది. ఆ గిన్నెను మళ్ళీ వంటకు వాడవద్దు. కవాటం ఏ డిగ్రీ దగ్గర కదిలిందో, థర్మోస్టాట్ మీద చెక్కిన అంకెతో పోల్చండి. అసలే కదలకపోతే దొంగ దొరికినట్లే.

కొత్తది బిగించి, కూలంటు పోసి, లోపలి గాలి బయటికి పోయాక ఇంజను నడపాలి. రేడియేటరు పై గొట్టం కొన్ని నిమిషాలు చల్లగానే ఉండి, ఉన్నట్టుండి వేడెక్కుతుంది. మర్నాడు ఉదయం కూలంటు మట్టం మళ్ళీ చూసి, తగ్గినంత పోయాలి.