వార్ధక్యమున కాలి నిలుకడ

శంషాబాదున 2008లో విమానాశ్రయము ప్రారంభమైనది మొదలు, విదేశమునకేగు బిడ్డలను సాగనంపుటకు వృద్ధులెందరో అచ్చటికి వచ్చుచున్నారు. విద్యుత్తుచే కదలెడు మెట్లపై అడుగిడునపుడు దేహభారమంతయు క్షణకాలము ఒంటికాలిపై నిలుచును. తడబాటు కలుగునది అప్పుడే. పడుదుమను భయమున కదలక కూర్చున్నచో కాళ్లు మరింత బలహీనమగును. పడుట మరింత సులభమగును.

నిలుకడ సాధనచే వచ్చునదని మేము మనవి చేయుచున్నాము. గోడపై చేయి ఆనించి, ఒక్కొక్క కాలిపై పది లెక్కించునంతవరకు నిలువవలెను. పిదప చేతి ఊత తగ్గించుచు, శక్తికొలది కుర్చీనుండి లేచి కూర్చుండవలెను. 65 ఏండ్లు నిండినవారు వారమునకు 3 దినములైనను నిలుకడను, కండబలమును పెంచు వ్యాయామము చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. తల తిరుగువారు ముందుగా వైద్యుని అడుగవలెను.

రేడియో వార్తలు వినుచునే ఈ సాధన చేయవచ్చును. మనుమని చేతికై వెదకక మెట్లెక్కగల ధైర్యము దీని ఫలము.