శ్లాబు వేస్తున్నారా? పొగకు దారి కొలిచారా?

మన్యంలో ఇళ్లు మారుతున్నాయి. పూరిళ్లు, పెంకుటిళ్లు ఉన్నచోట శ్లాబు ఇళ్లు లేస్తున్నాయి. వాన కారదు, ఏటా కప్పు నేయించే ఖర్చు లేదు. సంతోషించదగిన మార్పే. అయితే కొత్త ఇంట్లో పొయ్యి వెలిగించిన నాలుగు రోజులకే ఇల్లాలికి కళ్లమంటలు, పిల్లలకు దగ్గు మొదలవుతున్నాయి. పాత కప్పు సందుల్లోంచి తనంతట తానే పోయే పొగకు శ్లాబు అడ్డం పడింది. దానికి వేరే దారి చూపాలన్న సంగతి ఇంటివారికీ తట్టలేదు, మేస్త్రీకీ తట్టలేదు.

గ్యాసు వచ్చింది కదా అనవచ్చు. 2016లో ఉజ్జ్వల పథకం మొదలయ్యాక సిలిండరు చాలా ఇళ్లకు చేరిన మాట నిజమే. కానీ స్నానాల నీళ్లకు, అంబలికి కట్టెల పొయ్యి ఇంకా వెలుగుతూనే ఉంది. పైగా డిసెంబరు, జనవరి నెలల్లో పాడేరు, చింతపల్లి, అరకు ప్రాంతాల చలికి ఇంటిని వెచ్చగా ఉంచేది కూడా ఆ పొయ్యే.

అంగుళమే కదా అనుకోవద్దు

పొగగొట్టం పెట్టించేవారు కూడా వెడల్పు దగ్గర పొరపడుతున్నారు. గొట్టం ఎంత పొగను మోయగలదన్నది దాని నోటి వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. ఆరు అంగుళాల గొట్టం నోరు 28 చదరపు అంగుళాలు. నాలుగు అంగుళాలదైతే పన్నెండున్నర. మూడు అంగుళాలదైతే ఏడు మాత్రమే. నాలుగు నుంచి మూడుకు దిగితే తగ్గింది ఒక్క అంగుళమే కాని, పొగదారి దాదాపు సగం పోయినట్టే.

కుటుంబానికి సరిపడే మూసి కట్టిన పొయ్యికి నాలుగు అంగుళాల గొట్టం వాడుకలో ఉంది. రెండు పొయ్యిల గొట్టాలను ఒకటిగా కలిపితే ఎనిమిది అంగుళాలు కావాలనుకుంటారు. అక్కరలేదు, ఆరు చాలు. అవసరానికి మించి పెద్దదైతే పొగ అందులో చల్లబడి నెమ్మదిస్తుంది. మూడు రాళ్ల పొయ్యికి మాత్రం పక్కన గొట్టం నిలబెడితే లాభం లేదు. పైన పొగను పోగుచేసే గూడు కట్టాలి.

శ్లాబు వేసే రోజే చెప్పాలి

పొయ్యి ఎక్కడో ముందే నిర్ణయించి, దానికి నేరుగా పైన శ్లాబులో ఖాళీ వదలమని మేస్త్రీకి చెప్పాలి. తరువాత పగలగొడితే లోపలి ఇనుము దెబ్బతింటుంది. గొట్టం ఎంత నిలువుగా ఉంటే అంత మంచిది. వంపు తప్పకపోతే అడ్డంగా పడుకోబెట్టకుండా ఏటవాలుగా తిప్పాలి.

డాబా మీద గొట్టం కనీసం మూడు అడుగులు లేవాలి. పది అడుగుల లోపు పిట్టగోడ గాని, మెట్లగది గాని ఉంటే దానికన్నా రెండు అడుగులు ఎత్తుండాలి. లేకపోతే గాలి తిరగబడి పొగను కిందికే తోస్తుంది. వాన పడకుండా పెట్టే టోపీకి, గొట్టం నోటికి మధ్య గొట్టం వెడల్పంత ఖాళీ వదలాలి. నీళ్ల కోసం వాడే ప్లాస్టిక్ గొట్టం వేడికి కరుగుతుంది, దాన్ని వాడనే కూడదు. రేకు గొట్టాన్ని వాసాలకు, కట్టెల అటకకు ఆనించకూడదు.

బయటికి పోయే పొగ స్థానంలో లోపలికి గాలి రావాలి. కనీసం గొట్టం నోరంత ఖాళీ గోడలో ఎప్పుడూ తెరిచి ఉండాలి. తలుపులు మూసి ఫ్యాను గాలిని బయటికి లాగేస్తుంటే, గొట్టంలోని పొగ తిరిగి ఇంట్లోకే వస్తుంది.

అర అంగుళం మసి

1983లో మొదలైన మెరుగైన పొయ్యిల జాతీయ పథకం 2002లో ఆగిపోయింది. ఆ పొయ్యిలు మూలపడటానికి మసి తీసేవారు లేకపోవడం ఒక కారణం. నాలుగు అంగుళాల గొట్టంలో చుట్టూ అర అంగుళం మసి పేరుకుంటే మిగిలేది మూడు అంగుళాల దారే. నెలకొకసారి పొయ్యి చల్లారాక, పొడుగాటి కర్రకు గోనెగుడ్డ చుట్టి పైనుంచి దింపితే చాలు.

చివరిగా ఒక హెచ్చరిక. చలికని తలుపులు బిగించి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవద్దు. బొగ్గుకు పొగ కనిపించకపోయినా, దానినుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడు వాయువుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. తలనొప్పి, వాంతి, కళ్లు తిరగడం కనిపిస్తే వెంటనే మనిషిని ఆరుబయటికి తెచ్చి ఆసుపత్రికి చేర్చాలి. పాత ఇంటి కప్పులో సందులుండేవి, కొత్త శ్లాబులో ఆ సందులు లేవు. ఇల్లు మారినప్పుడు ఈ అలవాటూ మారాలి.